పడవ పందేలు గట్టు మీదే జరగాలి

పడవ పందేలను ఇకమీదట గట్టు మీదే జరిపించాలని ప్రభుత్వానికీ, క్రీడాభిమానులకూ సవినయంగా మనవి చేస్తున్నాను. పడవను నీళ్ళలోకి దించిన మరుక్షణం ఆటలో శాస్త్రీయత మంటగలిసిపోతోంది.

గౌతమి ఒడ్డున మా రేవులో ఒక ఎంటర్‌ప్రైజ్ పడవ ఉంది. 1956లో జాక్ హోల్ట్ అనే ఇంగ్లీషాయన గీసిన నమూనా అది. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, ఇద్దరెక్కేది, తెరచాపలు నీలం. మాస్టు, అంటే తెరచాపలు కట్టే నిలువు గడ, మాత్రం పడవ కంటే పొడుగు. దాన్ని నిలబెట్టేవి మూడే తీగలు: ముందు ఫోర్‌స్టే, అటొకటి ఇటొకటి ష్రౌడ్లు. మూడు తీగలేగా, బిగించి పారేస్తే పోలా అనేవాళ్ళున్నారు. వాళ్ళతో నాకు మాటల్లేవు.

ఇరిగేషన్‌లో రిటైరైన ఏఈగారే మా పడవకి పెద్దదిక్కు. జిబ్, అంటే ముందుండే చిన్న తెరచాప, ఎత్తి, దాన్ని ఎత్తే తాడైన హాలియర్డు లాగి బిగిస్తే ఫోర్‌స్టే వదులైపోతుంది, లాగుడంతా జిబ్ అంచులోని తీగ మీదికొస్తుంది. అందుకని జిబ్ ఎత్తకుండా తీసిన కొలత కొలతే కాదని ఆయన తీర్పు. టేపు కొసను పెద్ద తెరచాప తాడుకి కట్టి మాస్టు కొసదాకా ఎక్కిస్తారు. రెండో కొస పడవ వెనక చెక్క దగ్గర పట్టుకుని కళ్ళజోడు సర్దుకుంటారు. మాస్టు ఎంత వెనక్కి వాలిందో మిల్లీమీటర్లతో సహా తేలుతుంది. తీగ బిగువు చూసే స్ప్రింగు పరికరాన్ని ష్రౌడుకి తగిలించి, అది చూపించిన అంకెను అట్ట మీద అంటించిన పట్టికతో సరిచూస్తారు. ఈలోగా టీ వస్తుంది. టీ తాగేలోగా ఎవరో ఒకరు పడవ మీద చెయ్యేస్తారు. మళ్ళీ మొదటినుంచి.

"అంత వాలితే పడిపోదాండీ?" అని అడిగాడో కుర్రాడు.

"కాలవ గట్టు మీద కొబ్బరిచెట్టు వాల్లేదేంట్రా? పడిందా?"

"ఆయ్, దానికి వేళ్ళుంటాయి కదండీ."

ఏఈగారు జవాబివ్వకుండా ష్రౌడు పిన్నును ఒక రంధ్రం కిందికి మార్చారు. అసలు విషయం ఆ కుర్రాడికేం తెలుసు? మాస్టు వెనక్కి వాలేకొద్దీ తెరచాపల బలం వెనక్కి జరుగుతుంది, పడవ ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. చుక్కాని పట్టినవాడు దాన్ని లాక్కుంటూ కూర్చోవాలి. మరీ నిటారుగా ఉంటే ముక్కు గాలివాటున జారిపోతుంది. గాలికేసి పిసరంత మొగ్గు ఉండాలి, జబ్బ లాగేంత ఉండకూడదు. స్ప్రెడర్ల సంగతి, అంటే మాస్టు నడుము దగ్గర ష్రౌడ్లను పక్కకి నెట్టి ఉంచే కడ్డీల సంగతి, వేరే ఉంది. అవి మాస్టు నడుమును ముందుకి నెడితే పెద్ద తెరచాప చదునవుతుంది. ఈదురుగాలికి అది మంచిది, చిరుగాలికి చేటు. అంటే ముందు గాలి తేలాలి.

మన దగ్గర గాలి తేలదు. ఎండాకాలం మధ్యాహ్నం దాకా పడమటి గాడుపు. దానికి తగ్గట్టు బిగించి ఏఈగారు నడుం ఎత్తేసరికి సముద్రం వైపునుంచి పైరగాలి మొదలవుతుంది. కొలతలన్నీ రద్దు. ఆయన్ని తప్పు పట్టేవాళ్ళు ధవళేశ్వరం ఆనకట్టను ఎత్తిచూపుతారు: కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా పూర్తి చేశాడు కదా, మీ తీగలు ఎప్పటికి పూర్తవుతాయని. పోలిక తప్పు. దొర గోదావరిని ఆపాడు, గాలిని ఆపమంటే తెలిసేది.

ఇక బాధ్యతారాహిత్యం గురించి. యూరియా సంచులు కలిపి కుట్టిన తెరచాప, వెదురు గడ, నైలాన్ తాడు. ఇంతే సరంజామాతో రోజూ ఒకాయన మా ముందునుంచే గడ్డిమోపులు వేసుకుని లంకకి పోయొస్తాడు. మాస్టు వాలు ఎంతని అడిగితే "ఎటు గాలుంటే అటేనండి" అన్నాడు. ఒక్క కొలతా లేకుండా అవతలి ఒడ్డు చేరడం పిల్లల మీద ఎలాంటి ప్రభావం చూపుతుందో పెద్దలు ఆలోచించాలి.

కాబట్టి నా ప్రతిపాదన. పడవలన్నీ స్టాండ్ల మీద, గట్టున, వరసగా. ఈల వేయగానే టేపులు తీయాలి. సాయంత్రానికి ఎవరి రెండు ష్రౌడ్లూ ఒకే అంకె చూపిస్తే వాళ్ళకి కప్పు. పడవ తడిస్తే అనర్హత. వాన వస్తే పందెం వాయిదా.

టేపులు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. మాది మొన్న ఏఈగారి చేతిలోంచి జారి, దొర్లుకుంటూ వెళ్ళి నీళ్ళలో పడింది. ప్లాస్టిక్ డబ్బా కదా, తేలుతూ పోతోంది. పడవేసుకెళ్ళి పట్టుకొద్దామన్నాడు కుర్రాడు. ఏఈగారు ససేమిరా అన్నారు. ఎడమ ష్రౌడు ఇంకో రంధ్రం బిగించాలట. ఎంత బిగించాలో కొలవడానికి టేపు కావాలట.