ఉద్దానం నుంచి, ఆ రైతు అన్నకు

తుపానుకు కొబ్బరి తోటంతా పోయి, 'ఇంక నా వల్ల కాదు' అన్న రైతు గురించి ఈ పత్రికలో వచ్చింది రెండుసార్లు చదివాను. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు పైగా గాలి. తాతయ్య నాటిన చెట్లు కళ్లముందే కూలిపోయాయి.

కొబ్బరి చెట్టు పడితే పోయేది ఒక్క ఏడాది పంట కాదు. మళ్లీ మొక్క నాటి కాయ చూడాలంటే ఐదారేళ్లు. ఆ అన్న మాట నాకందుకే గుచ్చుకుంది. పడిన మానులు తీయించడానికే మాకు నెలలు పట్టింది. నాన్న ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఒకరోజు పొద్దున్నే గునపం పట్టుకుని గోతులు తవ్వడం మొదలుపెట్టారు. అమ్మ ఏడుస్తూనే నీళ్లు మోసింది. మొక్కల మధ్య కూరగాయలు వేసి ఇల్లు నడిపారు. ఇప్పుడు ఆ చెట్లకు గెలలు దిగుతున్నాయి.

అన్నా, అప్పుల టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు. మీకు మొండి ఆశ కలగాలని కోరుకుంటున్నాను, ఏడుస్తూనే గొయ్యి తవ్వించే ఆశ. ఈ వారం ఒక్క మొక్క నాటండి, చాలు. మా పెరట్లో కొబ్బరి మొక్కలు మొలకెత్తించి ఉంచాం. కావాలంటే ఈ పత్రిక వాళ్లతో కబురు పంపండి.