పెరటి మడికి ప్లాను అమెరికా నుంచి పంపకండి

ఈమధ్య మనవాళ్లలో కొత్త మోజు ఒకటి చూస్తున్నాను. ఇక్కడ అమెరికాలో సీడర్ చెక్కలతో రైజ్డ్ బెడ్, అంటే ఎత్తు మడి, కట్టుకుని నాలుగు టమాటాలు కోసుకున్నాక, విశాఖలో అమ్మానాన్నల ఇంటి వెనక కూడా అలాంటిది ఉంటే బాగుండుననిపిస్తుంది. వెంటనే వాట్సాప్‌లో కొలతలు వెళ్తాయి, వెనకాలే డబ్బులూ వెళ్తాయి. ఆలోచన మంచిదే. సీతమ్మధారలోనో మధురవాడలోనో మిగిలిన కాస్త ఖాళీ జాగాకి టైల్స్ పరిపించడం కంటే చాలా నయం. నా పేచీ అంతా ఆ ప్లానుతోనే.

చలిదేశంలో మట్టిని ఎత్తు చేయడానికి ఒక పెద్ద కారణం వేడి. ఎత్తున్న మట్టి చలి తగ్గగానే తొందరగా వెచ్చబడుతుంది. విశాఖలో మట్టిని వెచ్చబెట్టుకోవాల్సిన ఖర్మ ఎవరికీ లేదు. అక్కడ ఎత్తు కావాల్సింది వాననీళ్లు నిలవకుండా. నైరుతి వెళ్లిపోయిందనుకునేలోపు తుపాన్ల కాలం వస్తుంది, ఏడాదిలో బాగా కురిసేది అక్టోబరే. మొదళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే వంగ, మిరప నారు కుళ్లి వాలిపోతుంది. అందుకే మన రైతులు నారుమడిని ఎప్పటినుంచో జానెడు ఎత్తున పోస్తున్నారు. ఎత్తు మడి మనకేం కొత్త కాదు, చుట్టూ గోడ కట్టడమే కొత్త.

ఆ గోడకి చెక్క వద్దు. చెదలకి విందు పెట్టినట్టే. ఇటుక చాలు. గోపాలపట్నంలో మా పిన్ని ఇంటి వెనక కడుతుంటే దగ్గరుండి చూశాను. "అడుగున కాంక్రీటు ఏసెయ్యమంటారా బాబూ, శుభ్రంగా ఉంటది" అన్నాడు మేస్త్రీ. అడుగున కాంక్రీటు వేస్తే అది మడి కాదు, నీళ్ల తొట్టి. వేళ్లు కిందికి దిగాలి, వానపాములు పైకి రావాలి. మొదటి వరసలో రెండేసి అడుగులకో నిలువు సందు సిమెంటు పెట్టకుండా వదిలేయమంటే, నీళ్లు కారితే గోడ పాడైపోద్దని గొణిగాడు గానీ వదిలాడు. కట్టాక కొన్నాళ్లు బాగా తడిపి, సిమెంటులోంచి దిగే సున్నపు నీళ్లు పోయాకే మట్టి నింపాలి.

అసలు తగువు ఎత్తు దగ్గర. మనం పంపే కొలత అడుగు. డెబ్బై దాటి, మోకాళ్లు నొప్పులున్న మనిషికి అడుగు ఎత్తుకీ నేలకీ తేడా ఏముంది? రెండడుగులు కట్టించండి. తొమ్మిదంగుళాల మందంతో గోడ పెట్టిస్తే ఆ అంచు మీద కూర్చునే కలుపు తీసుకోవచ్చు. లోపలి వెడల్పు మూడడుగులు దాటితే చెయ్యి అందదు, ప్రహరీకి ఆనించి కడితే రెండే.

ఎనిమిదడుగుల పొడవున అలా కడితే 48 ఘనపుటడుగులు నింపాలి. అంతా మంచి మట్టే పోయక్కర్లేదు. బీచ్ రోడ్డులో బొండాల బళ్ల దగ్గర కుప్పలు పడే తొక్కలు, ఎండుకొమ్మలు, అరటి బోదెలు సగం దాకా వేయించండి. పై అడుగులో ఎర్రమట్టి, గెత్తం (పశువుల ఎరువు), కొబ్బరిపొట్టు కలిపి పోయాలి. ఒట్టి ఎర్రమట్టి పోస్తే ఎండకి గట్టిపడిపోతుంది. గెత్తం బాగా చివికినదే కావాలి, పచ్చిదైతే వేరుపురుగుని పిలిచినట్టే. తొక్కలు కుళ్లేకొద్దీ మడి దిగిపోతుంది, ఏటా పైన కాస్త పోసుకోవాలి. ఈ సంగతి ముందే చెప్పకపోతే పెద్దవాళ్లు మేస్త్రీ మోసం చేశాడనుకుంటారు.

క్యాలెండరూ పంపొద్దు. ఇక్కడ మంచు భయం పోయాక మే నెలలో టమాటా నాటుతాం. అక్కడ మేలో నాటితే రాత్రిళ్లు కూడా తగ్గని వేడికి పూతంతా రాలిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో నారు పోసి, వానల జోరు తగ్గాక నాటితే సంక్రాంతి నాటికి కాయలుంటాయి. పాదు చిక్కుడు పగలు పొట్టిదైతే గానీ పూయదు. ఆషాఢంలో గింజ పెడితే నెలల తరబడి ఆకులే కనిపించి విసుగొస్తుంది, చలి మొదలయ్యాక విరగకాస్తుంది. రథసప్తమి నాడు చిక్కుడుకాయల రథానికి బజారుకెళ్లక్కర్లేదు. ఆనప, బీర పందిరి గుంజలు మాత్రం మడి గోడకి కట్టకుండా నేలలో పాతించండి, పందిరీ తక్కువ ఎత్తులోనే ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గాలి చూసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు.

ఏం వేయాలో కూడా వాళ్లకే వదిలేద్దాం. కొడుకు ప్రేమగా కేల్ అనే ఇక్కడి ఆకుకూర గింజలు పంపిస్తే, ఆ ప్యాకెట్టు జాగ్రత్తగా దేవుడి గూట్లో దాచిన అమ్మగారు ఒకరు నాకు తెలుసు. ఆవిడకి కావాల్సింది బచ్చలి, గోంగూర, పక్కింటికి పంపడానికి నాలుగు కాకరకాయలు.

ఇంత ఖర్చెందుకు, ఎంవీపీ కాలనీ రైతుబజారులో అన్నీ దొరుకుతాయిగా అని నాన్నలు అంటారు. నిజమే. తోటకూర కట్ట ధరతో లెక్క కడితే ఇటుకల డబ్బు తిరిగి రావడం కష్టం. పొదుపు పేరు చెప్పి వాళ్లని ఒప్పించకండి, ఆ లెక్కలో నాన్నలే గెలుస్తారు. పొద్దున్నే వెనక్కి వెళ్లి చూసుకోవడానికి ఒక పని ఉంటుంది, నా మటుకు అది చాలు.

ఆ పని బరువు కాకుండా చూడాల్సింది మాత్రం వేసవిలో. ఎత్తు మడి మామూలు నేల కంటే తొందరగా ఆరిపోతుంది. కొళాయి వచ్చే ఆ కాసేపట్లో బిందెలు నింపుకోవాలా, మడి తడపాలా అని పెద్దవాళ్లకి టెన్షన్. ఏప్రిల్‌లో కాపు అయిపోయినవి పీకేసి, ఎండాకులు దట్టంగా కప్పి, ఒక మూల గ్రీన్ నెట్ కింద బచ్చలి ఒక్కటీ ఉంచుకోమనండి. మేలో వీడియో కాల్‌లో ఆ ఖాళీ మడి చూసి "ఏంటమ్మా, అంత డబ్బు పెడితే అన్నీ చచ్చిపోయాయా" అనకండి. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాక బెండ గింజలు వాళ్లే పెట్టుకుంటారు.