అప్‌లోడ్ అయింది సరే, సబ్మిట్ అయిందా?

చెన్నై శివార్లలో పోతేరి, కేళంబాక్కం వైపు యూనివర్సిటీ హాస్టళ్లలో తెలుగు పిల్లలకు కొదవ లేదు. వాళ్ల ఇంటర్నల్ మార్కుల్లో చెప్పుకోదగ్గ భాగం ఇప్పుడు ఆన్‌లైన్ పోర్టల్ చేతిలో ఉంది. అసైన్‌మెంట్ రాసి కూడా సున్నా తెచ్చుకున్న విద్యార్థిని ‘నిర్లక్ష్యం’ అని తేల్చేయడం తేలిక. పోర్టల్ సెట్టింగులు తెరిచి చూస్తే మాత్రం తప్పు చాలాసార్లు ఆ పేజీ పెట్టినవాళ్ల వైపే కనిపిస్తుంది.

మూడుల్‌నే తీసుకుందాం. 2002లో తొలి వెర్షన్ వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చాలా కాలేజీలు తమ కోర్సు పోర్టల్‌గా వాడుతున్నాయి. అసైన్‌మెంట్ పెట్టేటప్పుడు ‘విద్యార్థి సబ్మిట్ బటన్ నొక్కాలి’ అనే ఆప్షన్ ఒకటి ఉంటుంది. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది కాబట్టి ఫైల్ సేవ్ చేస్తే సబ్మిట్ అయిపోయినట్టే. ఒక్క సబ్జెక్టులో టీచర్ దాన్ని ఆన్ చేస్తే, అక్కడ సేవ్ చేసిన ఫైల్ డ్రాఫ్ట్‌గా ఆగిపోతుంది. రెండో బటన్ నొక్కితేనే సబ్మిట్ అవుతుంది. నాలుగు సబ్జెక్టుల్లో ఒక పద్ధతి, అయిదో దాంట్లో ఇంకోటి అయితే పొరపాటు జరగకుండా ఎలా ఉంటుంది? ఫైల్ పేరు తెరమీద కనిపించినంత మాత్రాన నమ్మకూడదు. స్టేటస్ వరుసలో ‘సబ్మిటెడ్ ఫర్ గ్రేడింగ్’ అని ఉందో లేదో చూడాలి. ఆ పేజీని టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి.

గూగుల్ క్లాస్‌రూమ్‌లో చిక్కు వేరు. ఫైల్ జతచేసి ‘టర్న్ ఇన్’ నొక్కకపోతే అది టీచర్‌కు చేరినట్టు కాదు. గడువులోపే ఇచ్చినవాళ్లు కూడా తర్వాత చిన్న అక్షరదోషం దిద్దుదామని ‘అన్‌సబ్మిట్’ చేసి, గడువు దాటాక మళ్లీ ఇస్తే దాని మీద ‘లేట్’ ముద్ర పడుతుంది. మొదట వేళకే ఇచ్చారన్నది లెక్కలోకి రాదు.

ఫైల్ సైజు గొడవ మరీ అన్యాయం. ఫోన్‌తో తీసిన పేజీ ఫొటో ఒక్కోటి 3, 4 ఎంబీ ఉంటుంది. పన్నెండు పేజీలంటే 40 ఎంబీకి అటూ ఇటూ. మూడుల్‌ను రాసిన ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలో అప్‌లోడ్ పరిమితిని ఎవరూ పెంచకపోతే అది 2 ఎంబీయే. అంటే సర్వర్ చూసుకునేవాళ్లు ఒక అంకె మార్చకపోవడం వల్ల క్లాసంతా రాత్రిపూట పీడీఎఫ్ కుదించే సైట్ల కోసం వెతుక్కోవాలి. విద్యార్థి చేయగలిగింది ఒకటుంది. గ్యాలరీ ఫొటోలను పీడీఎఫ్‌గా మార్చే బదులు గూగుల్ డ్రైవ్ యాప్‌లోని స్కాన్‌తో నలుపు-తెలుపులో తీస్తే సైజు బాగా తగ్గుతుంది. కాపీని పట్టే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ తనిఖీ ఉన్న చోట మాత్రం స్కాన్ పనికిరాదు. దానికి బొమ్మ కాదు, టైప్ చేసిన అక్షరాలు కావాలి. అందులో మూడుసార్లు మార్చి ఇచ్చాక తర్వాతి రిపోర్టు రావడానికి 24 గంటలు పడుతుంది కాబట్టి చివరి రోజున ఒక్కో వాక్యం మార్చి పోలిక శాతం చూసుకుందామంటే కుదరదు.

అసలు గడువును ఆదివారం రాత్రి 11:59కి ఎందుకు పెట్టాలి? నెల్లూరు, గూడూరు నుంచి పిల్లలు చెన్నై రైలెక్కేది ఆ సాయంత్రమే. సూళ్లూరుపేట దాటుతూ, సిగ్నల్ వచ్చిపోతుండగా 10 ఎంబీ ఫైల్ ఎక్కించడం ఎంత కష్టమో వాళ్లకే తెలుసు. సర్వర్ మొరాయిస్తే ఆ వేళ ఫోనెత్తే మనిషీ ఉండడు. పనిరోజున సాయంత్రం అయిదింటికి గడువు పెడితే ఈ సమస్య చాలావరకు తీరిపోతుంది. మూడుల్‌లో ‘డ్యూ డేట్’ వేరు, ‘కటాఫ్ డేట్’ వేరు. మొదటిది దాటితే లేట్ అని నమోదవుతుంది, రెండోది దాటితే తలుపే మూసుకుంటుంది. రెండింటినీ ఒకే నిమిషానికి పెట్టడం కఠినత్వమే తప్ప క్రమశిక్షణ కాదు. కనీసం 48 గంటల తేడా ఉంచాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్లికరణై ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో, చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు ఒక్కొక్కరికీ విడిగా గడువు పెంచే వీలు కూడా మూడుల్‌లోనే ఉంది. టీచర్లకు దాన్ని చూపించేవాళ్లు కావాలి.

ఈ విషయంలో ఐఐటీ మద్రాసు సమన్వయం చేసే ఎన్పీటెల్ ఆన్‌లైన్ కోర్సులు మెరుగు. 12 వారాల కోర్సులో వారం వారం వచ్చే అసైన్‌మెంట్లలో ఉత్తమమైన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. వాటికి 25 మార్కులు, నేరుగా కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. గడువు తప్పితే మన్నింపు ఉండదు, కానీ ఒక వారం జ్వరమొచ్చినా, కరెంటు పోయినా మార్కు పోదు. ఎవరినీ బతిమాలుకోవలసిన పని లేకుండా ఆ వెసులుబాటు లెక్కలోనే ఉంది.

కాలేజీలు రేపే చేయగల పని ఇంకొకటి ఉంది. సెమిస్టర్ మొదటి వారంలో ప్రతి సబ్జెక్టులోనూ మార్కుల్లేని ఒక ఉత్తుత్తి అసైన్‌మెంట్ పెట్టి, అందరిచేతా ఫోన్ నుంచి చేతిరాత పేజీలు పది ఎక్కించాలి. సైజు పరిమితి ఎంతో, డ్రాఫ్ట్‌గా ఆగిపోయినవాళ్లెందరో, లాగిన్‌లో పేరే లేనివాళ్లెవరో ఆ రోజే బయటపడుతుంది.