"అందరూ తింటున్నారు" అని ఊదరగొట్టడం ఇక ఆపుతారా?

అక్టోబరు ఆఖర్లో విజిలెన్స్ వారోత్సవాలు, డిసెంబరు 9న అవినీతి వ్యతిరేక దినం. ఏటా అదే ర్యాలీ, అదే ప్రతిజ్ఞ, అదే గ్రూప్ ఫొటో. ఫ్లెక్సీ మీద మాటలూ అవే: అవినీతి అన్నిచోట్లా పాతుకుపోయింది, దేశాన్ని తినేస్తోంది, మేలుకోండి. చదివినవాడు మేలుకునేది ఒక్క విషయానికే. ఊరంతా ఇస్తుంటే మనమొక్కళ్లం బిగుసుక్కూచుంటే మన ఫైలు కదలదు, ఎంతో కనుక్కుని పడేస్తే పోలా అని.

వెటకారానికి అనట్లేదు. నిక్ చీజ్‌మన్, కారిన్ పైఫర్ అనే ఇద్దరు పరిశోధకులు నైజీరియాలోని లాగోస్‌లో 2,400 మందిని పెట్టుకుని ఇదే పరీక్షించారు. కొందరికి అవినీతి మీద రకరకాల ప్రచార సందేశాలు వినిపించారు, కొందరికి ఏమీ వినిపించలేదు. తర్వాత నిజం డబ్బుతో ఒక ఆట పెట్టారు. లెక్కలు చూసేవాడి చెయ్యి తడిపితే ఎక్కువ డబ్బు ఇంటికి పట్టుకెళ్లొచ్చు. సందేశాలు విన్నాక లంచాలు తగ్గకపోగా, కొన్ని సందేశాలకైతే పెరిగాయి. అవినీతి ఎటూ అంతటా ఉందని ముందే నమ్మేవాళ్లలో మరీను. అంటే మన ఫ్లెక్సీలకు సరిగ్గా సరిపోయే పాఠకులన్నమాట!

దక్షిణాఫ్రికాలో మంగూజీ అనే చిన్న ఊళ్లో నిల్స్ కోబిస్ బృందం దీన్ని తిప్పి చూసింది. తిట్లు లేవు, నీతులు లేవు. ఈ ప్రాంతంలో లంచం ఇచ్చేవాళ్లు తగ్గుతున్నారని మాత్రం పోస్టర్లు వేశారు. ఆ పోస్టర్లు గోడల మీదున్న రోజుల్లో అక్కడి జనం అలాంటి ఆటలోనే లంచాలు తక్కువిచ్చారు. పోస్టర్‌తో రామరాజ్యం వస్తుందని నేననను. పైగా ఆ మాట నిజమై ఉండాలి. తగ్గలేదని రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కగానే తెలిసిపోతే, ఆ పోస్టర్ నవ్వులపాలే.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు, "మనవాళ్ల రక్తంలోనే ఉందండీ" అంటూ. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తలకు పార్కింగ్ జరిమానాలు వేసినా వసూలు చేయలేకపోయేవారు, వాళ్లకున్న రక్షణ అలాంటిది. రేమండ్ ఫిస్మన్, ఎడ్వర్డ్ మిగెల్ అనే ఆర్థికవేత్తలు ఆ చిట్టా తిరగేస్తే, అవినీతి ఎక్కువని పేరున్న దేశాలవాళ్లే ఎక్కువ ఎగ్గొట్టారని తేలింది. నార్వే, స్వీడన్ వాళ్ల పేరిట దాదాపు ఏమీ లేవు. చూశారా, రక్తమే అంటారేమో, ఆగండి. 2002లో నగర అధికారులు వాళ్ల కార్ల దౌత్య నంబరు ప్లేట్లు పీకడం మొదలెట్టగానే ఉల్లంఘనలు 98 శాతం పడిపోయాయి. రక్తం మార్చుకోలేదు కదా ఎవరూ! ఇక్కడ ట్రాఫిక్ పోలీసుకి నోటు మడిచి అందించిన మనవాడే డాలస్‌లో టికెట్ పడితే నోరుమూసుకుని ఆన్‌లైన్లో కడుతున్నాడు.

నాకు అసలు మండేది మన ఇళ్ల గురించి. అబ్బాయికి ప్రభుత్వోద్యోగం అనగానే జీతం ఎంతని అడిగి, గొంతు తగ్గించి గీతం ఎంతని అడిగేది మనమే. పైసా ముట్టకుండా రిటైరైన బాబాయిని "బతకడం చేతకానోడు" అనేదీ మనమే. బెంగళూరులో కాలేజీ పిల్లలతో రీమా హన్నా, షింగ్-యి వాంగ్ అనే పరిశోధకులు పాచికలు వేయించారు. ఎంత పడిందో వాళ్లే రాసుకోవాలి, ఎక్కువ రాస్తే ఎక్కువ డబ్బు. దొంగలెక్క రాసిన పిల్లల్లోనే సర్కారీ ఉద్యోగం మీద మోజు ఎక్కువ కనిపించింది. డెన్మార్క్‌లో అలాంటి పరీక్షే పెడితే నిజం రాసినవాళ్లు ప్రభుత్వోద్యోగం వైపు మొగ్గారు. ఆ కొలువుకి మనం ఏ పేరు తగిలిస్తే ఆ పేరుకి తగ్గవాళ్లే వరసకడతారు మరి.

లంచమివ్వడమూ నేరమే అని ఆఫీసు గోడల మీద ఎర్రక్షరాల్లో రాస్తారు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత అది నిజమే. కానీ బలవంతం మీద ఇచ్చినవాడు 7 రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే నేరం కాదని అదే చట్టంలో ఉంది. ఆ ముక్క ఎక్కడైనా పెద్దక్షరాల్లో చూశారా? సగమే చెప్తే ఇచ్చినవాడు భయపడి తీసుకున్నవాడితోపాటు నోరు కట్టేసుకుంటాడు. మనకు హక్కుగా రావాల్సిన పనికే గుంజే ఇలాంటి వేధింపు లంచాల్లో ఇచ్చినవాణ్ణి శిక్షించొద్దని ఆర్థికవేత్త కౌశిక్ బసు 2011లోనే వాదించాడు. చట్టం మాత్రం అంతదూరం వెళ్లలేదు.

పేపర్లవాళ్లకీ ఒక మాట. ఏసీబీ వలలో ఫలానా అధికారి అని రోజూ వేస్తారు, గులాబీ రంగు నీళ్ల సీసాలు, టేబుల్ మీద నోట్లు, తల దించుకున్న మనిషి. అది చూసినవాడికి ఇంకో దొంగ లెక్కలోకి వస్తాడు, అంతే. తెలంగాణలో ఏసీబీ ఫిర్యాదుల నంబరు 1064కి ఫోన్ చేసి ఆ అధికారిని పట్టించిన రైతు పని తర్వాత ఏమైంది? పాసుపుస్తకం చేతికొచ్చిందా, లేక కొత్తగా వచ్చిన సారు కక్షగట్టి తిప్పుతున్నాడా? ఫోన్ తీసి 1064 కొట్టాలా వద్దా అని ఊగిసలాడే పక్కూరి మనిషికి కావలసిన వార్త అదొక్కటే. పట్టుబడ్డవాడి ఫొటో పక్కనే దానికీ ఓ నాలుగు లైన్లు ఇవ్వండి.