నంబరు పడని ఆ నెల రోజులు

కొత్త కారు కొన్నప్పుడు నంబరు రాకముందు తిరిగిన రోజుల గురించి ఇప్పటికీ మురిపెంగా చెప్పుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ప్లేటు ఉండాల్సిన చోట టీఆర్, అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్, స్టిక్కర్ తప్ప ఏమీ ఉండదు, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉంటాయి, బానెట్ మీద పసుపుతో వేసిన స్వస్తిక్ తుడవడానికి ఇంట్లో ఎవరికీ మనసొప్పదు. వీధిలో అడుగు పెడితే చాలు, "ఎప్పుడు తీసుకున్నారు, ఎంత పడింది, మైలేజీ ఎంత ఇస్తోంది" అని అడిగేవాళ్లే. నంబరు పడిన మర్నాటి నుంచి ఎవరూ అడగరు. ఆ నెల రోజుల సంబరం మాకూ తెలుసు, దాన్ని చులకన చేసే ఉద్దేశం మాకు లేదు. అయినా సరే, నంబరు లేకుండా ఏ బండీ షోరూం గేటు దాటకూడదనే మేం గట్టిగా అంటున్నాం.

ముందు ఆ సంబరం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. బజాజ్ చేతక్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరం మనది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి మారుతి 800 తాళాలు ఇచ్చారు, డీఐఏ 6479 అనే ఆ నంబరు ఇవాళ్టికీ చాలామందికి గుర్తుంది. అంతకాలం కాచుకుంటే వచ్చిన బండి మరి, వస్తే ఒక్క ఇంటికే పండగ కాదు, వీధి మొత్తానికీ. నేరుగా ఇంటికి తీసుకెళ్లేవాళ్లు కాదు, ముందు గుడికి వెళ్లాల్సిందే. బెజవాడ వాళ్లకు దుర్గమ్మ, విశాఖ వాళ్లకు సింహాచలం తొలిపావంచా, కరీంనగర్ వైపు వాళ్లకు కొండగట్టు అంజన్న, హైదరాబాద్ వాళ్లకు పెద్దమ్మ గుడో కర్మన్‌ఘాట్ హనుమంతుడో. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, అప్పుడు ఊళ్లోకి. మొదటి వెయ్యి కిలోమీటర్లు స్పీడు పెంచొద్దని మెకానిక్ చెప్పిన మాట వేదవాక్కు. వెనక లారీ వాడు హారన్ కొట్టి చంపుతున్నా నలభై దాటేవాళ్లు కాదు.

ఆ తర్వాత ఆర్టీఏ ఆఫీసు. టీఆర్ నెల గడువు అయిపోతుందన్న టెన్షన్, సెలవు పెట్టుకుని పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడటం, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఎప్పుడొస్తారా అని చెట్టు కింద ఎదురుచూడటం. బండి ఫ్రేము మీద చెక్కి ఉండే చాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దితే అంకెలు ఒక్కొక్కటే తేలేవి, ఆ కాగితాన్ని ఫారానికి అంటించేవాళ్లు. ఆ అంకెలు తేలుతుంటే పక్కన వంగి చూసే పిల్లల మొహాలు చూడాల్సిందే. నంబరు ఏదొస్తుందా, మొత్తం కూడితే తొమ్మిది వస్తుందా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూపులు. గుంటూరు వాళ్లకు ఏపీ 7, బెజవాడ వాళ్లకు ఏపీ 16, విశాఖకు ఏపీ 31, బండిని చూసి ఏ ఊరిదో చెప్పేసేవాళ్లం. 2019లో ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఏపీ 39 ఒక్కటే చేశాక ఆ ముచ్చట కూడా పోయింది, అందుకు మాకూ కొంచెం బాధగానే ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ తలుచుకోరు. నంబరు పడని బండిని అందరికంటే ఎక్కువ దూరం నడిపింది కారు యజమానులు కాదు, ఇంకా బాడీ కట్టని లారీ చాసిస్‌లు నడిపే డ్రైవర్లు. జంషెడ్‌పూర్ నుంచో హోసూరు నుంచో బయల్దేరి, క్యాబిన్ కూడా లేని చాసిస్ మీద చెక్కసీటు వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండా దుమ్మూ వానా మొహం మీదే భరిస్తూ విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టే షెడ్డు దాకా తెచ్చేవాళ్లు. వాళ్లకు ఆ ప్రయాణం ముచ్చట కాదు, బతుకుదెరువు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, 3.5 టన్నులు దాటిన సరుకు వాహనాల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు, ఇది ఎప్పుడో జరగాల్సిన పని.

ఇక అసలు విషయం. నంబరు లేని బండి గుద్ది వెళ్లిపోతే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. బండి దొరికితే చనిపోయిన మనిషి వయసు, సంపాదన, ఆయన మీద ఆధారపడ్డవాళ్లు ఎందరు అన్నీ లెక్కగట్టి ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్ బీమా కంపెనీ చేత పరిహారం ఇప్పిస్తుంది. ఏ బండో తేలకపోతే ఆ కుటుంబానికి వచ్చేది 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు, అంతే. అది కూడా 2022 ఏప్రిల్ 1 నుంచి, అంతకుముందైతే 25 వేలు, పన్నెండున్నర వేలు. ఒక ప్లేటు ఉండటానికీ లేకపోవడానికీ మధ్య ఒక ఇంటి పిల్లల చదువులు, ఇంటి అద్దె, ముసలివాళ్ల మందులు ఉన్నాయి. రోడ్డు పక్కన పడి ఉన్న మనిషిని చూసినవాళ్లు గుర్తుపెట్టుకోగలిగేది నాలుగు అంకెలే, చాసిస్ నంబరు కాదు. టీఆర్ స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో రాసింది పది అడుగుల దూరం నుంచే కనపడదు, ఇక పారిపోతున్న బండి మీద ఎవరు చదువుతారు? గొలుసు దొంగలకు నంబరు లేని బైకంటే ఎందుకు ఇష్టమో చెప్పనక్కర్లేదు.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పేసింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 41వ సెక్షన్‌లో స్పష్టంగా రాశారు, అదే రాష్ట్రంలో రిజిస్టరయ్యే కొత్త బండికి దరఖాస్తు డీలరే చేయాలి, నంబరు బండి మీద పెట్టేదాకా యజమాని చేతికి ఇవ్వకూడదు. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు కూడా కంపెనీయే డీలరు ద్వారా అందించాలి. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 2 వేల నుంచి 5 వేల దాకా జరిమానా. ఇన్ని ఉన్నా మన రోడ్ల మీద టీఆర్ గడువు దాటిన బండ్లు ఎందుకు తిరుగుతున్నాయి? పేదవాడి స్కూటీకి ప్లేటు లేదంటే చౌరస్తాలో ఆపుతారు, ఫ్యాన్సీ నంబరు వేలం కోసం నెలల తరబడి ప్లేటు లేకుండా తిరిగే పెద్ద కారును మాత్రం చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఇది మాకు మింగుడుపడదు.

9999 కావాలంటే కొనుక్కోండి, వేలంలో పాడండి, ఖజానాకూ నాలుగు రూపాయలు వస్తాయి. కానీ ఆ నంబరు వచ్చేదాకా కారు షోరూంలోనే ఉండాలి. తప్పు చేసిన డీలరును వదిలేసి కొన్నవాడి మీద చలానా వేసే అలవాటు కూడా మానాలి, ఎందుకంటే ప్లేటు లేకుండా తాళాలు ఇచ్చింది డీలరే. ప్లేటు రావడానికి ఎన్ని రోజులు పడుతుందో బుకింగ్ రోజే రాతపూర్వకంగా చెప్పాలి, ముహూర్తం పెట్టుకునేవాళ్లు దాన్ని బట్టి పెట్టుకుంటారు. వేరే రాష్ట్రంలో రిజిస్టర్ చేయించుకునేవాళ్లకు టీఆర్ తప్పదు, ఆ స్టిక్కర్‌ను కూడా మామూలు ప్లేటంత సైజులో, అంతే పెద్ద అంకెలతో ఇవ్వడానికి రవాణా శాఖకు అడ్డమేముంది?