పదమూడు గెలుపులూ, 63–3 ఓటమీ: ఒక వాదోపవాదం

(వాదులిద్దరూ అక్కాతమ్ముళ్లు, ఇద్దరూ టలహాసీలోని ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నవారు. ఆ విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు 2023 సీజన్ ముగిసిన తీరే వాదానికి విషయం.)

తమ్ముడు: మామూలుగా ఓడిపోయి ఉంటే ఈపాటికి మరచిపోయేవాడిని, అక్కా. మన జట్టు వరుసగా పదమూడు ఆటలు గెలిచి, డిసెంబరు 2న షార్లెట్‌లో లూయివిల్‌ను 16–6తో ఓడించి మన కాన్ఫరెన్సు (అంటే జట్ల కూటమి) అయిన ఏసీసీలో విజేతగా నిలిచింది. మర్నాడే ఎంపిక సంఘం, జాతీయ టైటిల్‌ను తేల్చే నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, అలబామాలను పిలిచి, మనకు అయిదో స్థానం ఇచ్చింది. టెక్సస్, అలబామా ఒక్కో ఆట ఓడిన జట్లే. ఆ ప్లేఆఫ్ 2014లో మొదలైనప్పటి నుంచి, అయిదు పెద్ద కాన్ఫరెన్సులలో ఒకదాన్ని ఓటమి లేకుండా గెలిచిన జట్టును బయట నిలబెట్టడం అదే మొదటిసారి. నోటి దగ్గరి కూడు లాగేసుకున్నారు.

అక్క: అన్యాయం జరిగిందన్న మాట మీద నాకు నీతో పేచీ లేదు. నవంబరు 18న నార్త్ అలబామాతో ఆడుతూ బంతి విసిరి దాడిని నడిపే మన క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలు విరగ్గొట్టుకున్నాడు, అతను లేని జట్టు మునుపటి జట్టు కాదని సంఘం తేల్చింది. ఆ తరవాత కూడా గేన్స్‌విల్‌లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం జట్టును, షార్లెట్‌లో లూయివిల్‌ను గెలిచిన కుర్రాళ్లకు ఆ మాట ఎంత కష్టం కలిగించి ఉంటుందో నాకూ తెలుసు. నా పేచీ అంతా ఆ అన్యాయాన్ని నువ్వు మోస్తున్న తీరుతోనే. తన కాలు ఇంకా ముందే విరిగి ఉంటే బాగుండేదని, జట్టంటే తానొక్కడే కాదని అప్పుడు అందరూ చూసేవారని ట్రావిస్ రాశాడు. ఇరవై మూడేళ్ల పిల్లవాడు తన గాయానికి తానే సంజాయిషీ ఇచ్చుకునే స్థితి వచ్చిందంటే, ఆ బాధలో అభిమానుల వంతు ఎంతో మనం ఒక్కసారైనా ఆలోచించాలి.

తమ్ముడు: ట్రావిస్‌ను నేనెన్నడూ ఒక్క మాట అనలేదు. ప్లేఆఫ్‌కు బదులు మనకు దక్కిన సీజన్ చివరి ఆట, డిసెంబరు 30న ఆరెంజ్ బౌల్‌లో జరిగినది మాత్రం గోరుచుట్టు మీద రోకలిపోటు. రెండు డజన్లకు పైగా ఆటగాళ్లు బరిలోకే దిగలేదు, జార్జియా 63–3తో గెలిచింది. సంఘం నిర్ణయమే సరైనదని వాదించేవారికి అంతకంటే మంచి సాక్ష్యం ఎవరిస్తారు? ఆ ఒక్క రోజు ఆడి ఉంటే వాళ్లకు పోయేదేముంది?

అక్క: పోయేదేమిటో ట్రావిస్ జీవితమే చెబుతోంది. 2024లో వృత్తి జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ జెట్స్ అతన్ని అయిదో రౌండులో తీసుకుంది, గాయం తగ్గలేదు, వృత్తి లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క ఆటయినా ఆడకుండానే 2025 ఏప్రిల్‌లో అతను ఆట మానుకోవలసి వచ్చింది. మనకు ఆ సీజన్ ఒక చేదు జ్ఞాపకం, అతనికి బతుకుతెరువే పోయింది. టైటిల్‌తో సంబంధం లేని ఆటలో తమ కాళ్లను కాపాడుకున్నవాళ్లను, అది తెలిసిన తరవాత కూడా తప్పుపట్టడానికి నీకు నోరెలా వస్తుంది?

తమ్ముడు: సరే, ఆటగాళ్ల మీది మాట వెనక్కి తీసుకుంటాను. అయినా అలాంటి అవకాశం ఏటా రాదన్నది నిజం కాదా? మరుసటి ఏడు మనం గెలిచినవి రెండే ఆటలు, ఓడినవి పది. 2021లో జాక్సన్‌విల్ స్టేట్ చివరి బంతికి 59 గజాల పాస్‌తో మనల్ని ఓడించిన రాత్రి నేను మన డోక్ క్యాంప్‌బెల్ స్టేడియంలో ఉన్నాను. గంట తరవాత కూడా నా ముందు వరసలో ఒక పెద్దాయన టోపీ ఒళ్లో పెట్టుకుని, ఖాళీ మైదానాన్నే చూస్తూ కూర్చున్నాడు. అంతటిది భరించినవాడికి ఈ కోపం పెట్టుకునే హక్కు లేదా?

అక్క: ఉంది. కాని ఆ రాత్రికి రెండేళ్లకే పదమూడు గెలుపులు వచ్చాయన్నది కూడా అదే కథలోని భాగం. 1991లోనూ 1992లోనూ మయామీ మీద చివరి క్షణాల్లో గోల్ స్తంభాల మధ్యకు వెళ్లవలసిన మన కిక్ కుడివైపుకే తప్పిపోయింది. 1993 సీజన్‌కు ముగింపుగా 1994 జనవరి 1న నెబ్రాస్కా చివరి కిక్ తప్పడంతో 18–16తో మనకు మొదటి జాతీయ టైటిల్ దక్కింది. ప్రతి నష్టానికీ అలా పరిహారం అందుతుందని నేను అనను. 2024 అందుకు విరుద్ధంగానే నడిచింది. నన్ను బాధించేది మరొకటి. క్లెమ్సన్‌లో అదనపు సమయంలో ట్రావిస్ విసిరిన 24 గజాల బంతిని కియాన్ కోల్‌మన్ పాయింట్లు వచ్చే ఎండ్ జోన్‌లో అందుకోవడం, ఆ వెంటనే మన డిఫెన్సు వాళ్ల చివరి ప్రయత్నమైన నాలుగో డౌన్‌ను ఆపడం, 31–24తో దశాబ్దం తరవాత అక్కడ గెలవడం నువ్వు కళ్లారా చూశావు. 2023 అనగానే నీ నోట మాత్రం 63–3 తప్ప మరొకటి రాదు.

తమ్ముడు: 1991 పోలిక నేనొప్పుకోను. కిక్ తప్పితే అది ఆటలో భాగం, ఇక్కడ తీర్పు ఇచ్చినవాళ్లు మాత్రం మనుషులు. పైగా మరుసటి ఏడే ప్లేఆఫ్‌ను పన్నెండు జట్లకు పెంచారు.

అక్క: ఆ నిర్ణయం 2022లోనే జరిగింది, మనకోసం కాదు. సంఘం మీద నీ కోపం నీ దగ్గరే ఉంచుకో, నాకు అభ్యంతరం లేదు. ఇంట్లో పిల్లలు ఆ సీజన్ గురించి అడిగినప్పుడు మాత్రం ఎక్కడ మొదలుపెడతావో చెప్పు.

తమ్ముడు: క్లెమ్సన్ దగ్గరే మొదలుపెడతాను. డిసెంబరు 3 వచ్చినప్పుడు ఆ నాలుగు జట్ల పేర్లూ చదవకుండా దాటిపొమ్మని మాత్రం నన్నడగకు, అక్కా.