ఆ అబ్బాయికి ఆ సిగార్ ఎవరిచ్చారు?

సద్దుల బతుకమ్మ రాత్రి ఇక్కడ అమెరికాలో మన సంఘం హాలు వెనక జరిగింది చాలామంది చూశారు. ఆ తర్వాత ఎవరూ నోరు విప్పలేదు కనుక నేను రాస్తున్నాను. ఆడవాళ్లు బతుకమ్మలను సాగనంపి మలీద ముద్దలు పంచుకుంటున్న వేళ, కార్లు నిలిపే చోట సిగార్ల పెట్టె తెరిచారు. హనుమకొండ నుంచి చదువుకు వచ్చి ఇంకా మొదటి సెమిస్టరైనా పూర్తికాని కుర్రవాడి చేతిలో బొటనవేలికన్నా లావైన నల్లటి సిగార్ పెట్టి, "గట్టిగా లోపలికి లాగు" అన్నారు. పొద్దుటి నుంచి వేదిక పనులతో అన్నం ముట్టని పిల్లవాడు. కాసేపటికే ముఖం పాలిపోయి, చెమటలు కమ్మి, కంచె పట్టుకుని వాంతి చేసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒకరు వీడియో తీశారు.

అంతకు కాస్త ముందే, పరకాల నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయన జేబులోంచి చుట్ట తీస్తే, "కాకా, ఇక్కడ వద్దు, వాసన వస్తుంది" అని అవతలికి పంపిందీ ఆ గుంపే. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. చుట్టయినా సిగారైనా పొగాకే కదా!

చుట్టను నేను వెనకేసుకు రావడం లేదు. నర్సంపేట దగ్గరి మా ఊళ్లో తాత చుట్ట తాగేవారు. కొన కొరికి ఉమ్మి, పొయ్యిలోంచి నిప్పుకణిక తెచ్చుకుని అంటించేవారు. సగం కాలాక ఆర్పి చూరులో దోపేవారు. అన్నం తినకుండా మాత్రం ముట్టేవారు కాదు. మా చిన్నకాక మీసాలు వస్తున్న వయసులో ఒకటి అడిగితే, "ముందు కడుపులో నాలుగు ముద్దలు పడనీ బిడ్డా" అన్నారు. తిని వచ్చాక కూడా ఇవ్వలేదు. చివరి ఏడాది తాతను ఆ దగ్గు ఎంత పీడించిందో చూసినవాణ్ని. అయినా చెబుతాను, చిన్నవాడి చేతికి ఏమిస్తున్నామో ఆలోచించే మర్యాద ఆయనకు ఉంది.

వయసు వచ్చినవాడు తెలిసి తాగితే అది అతని ఇష్టం. కాదనను. అయితే తొలిసారి ఇచ్చేవాడికి సిగార్ గురించి తెలిసి ఉండాలి. పై ఆకు రంగు చూసి ఘాటు అంచనా వేయలేం. మొక్క పైభాగంలో బాగా ఎండ తగిలి ఘాటెక్కిన ఆకు, అంటే లిగెరో, సిగార్ లోపల ఎంత ఉందన్నదే ముఖ్యం. కొత్తవాడికి గుడ్డ పందిళ్ల నీడలో పెంచిన కనెక్టికట్ షేడ్ ఆకు చుట్టిన, డొమినికన్ రిపబ్లిక్‌లో తయారైన తేలిక రకం నయం. నాలుగున్నర అంగుళాల పొడవు, 42 గేజ్ లావు చాలు. గేజ్ అంటే అంగుళంలో 64వ వంతు. వేళ్లతో నొక్కితే కొద్దిగా మెత్తగా ఉండాలి, గలగలమనకూడదు, లోపల గడ్డలు తగలకూడదు. కొనను పైపైనే కత్తిరించాలి, లోతుగా కోస్తే ఆకు విడిపోతుంది. కడుపు నిండా తిన్నాకే వెలిగించి, నిమిషానికి ఒక్క దమ్ము చొప్పున, నోటిలోనే ఉంచి వదలాలి. తల తిరిగితే వెంటనే పక్కన పెట్టాలి.

ఇంత జాగ్రత్త పడినా అది మేలు చేసే వస్తువు కాదు. సిగార్ పొగకు క్షారగుణం ఎక్కువ, కాబట్టి లోపలికి పీల్చకపోయినా నోటి పొరల్లోంచే నికోటిన్ ఒంట్లోకి చేరుతుంది. ఒక పెద్ద సిగార్‌లో సిగరెట్ పెట్టె మొత్తంలో ఉన్నంత పొగాకు ఉండవచ్చు. నోటి, గొంతు క్యాన్సర్లు సిగార్ తాగేవాళ్లనూ వదలవు. ములుగు, భూపాలపల్లి అడవుల్లో ఎండలకు తునికాకు కోసి 50 ఆకులకో కట్ట కట్టినవాళ్ల పిల్లలు, కోరుట్ల, మెట్‌పల్లిలో పగలంతా చేటలో బీడీలు చుట్టిన తల్లుల పిల్లలు మన సంఘంలో ఉన్నారు. పొగాకు దుమ్ముతో ఆ తల్లులకు వచ్చిన దగ్గు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అలాంటి ఇళ్ల నుంచి వచ్చి, కొత్త కుర్రవాణ్ని మనలో కలుపుకోవడానికి పొగాకును పరీక్షగా పెట్టడం నాకు మింగుడుపడటం లేదు. పైగా ఇక్కడ 21 ఏళ్లు నిండనివారికి పొగాకు అమ్మకూడదని 2019 డిసెంబరు నుంచి చట్టం ఉంది. ఆ రాత్రి ఎవరైనా ఆ అబ్బాయి వయసు అడిగారా?

కార్యవర్గానికి నా విన్నపం ఇది. పండుగ ఆవరణలో సిగార్ల పెట్టె తెరవనివ్వకండి. బయట ఎవరింట్లోనైనా సరే, వద్దన్న పిల్లవాణ్ని బలవంతం చేయవద్దని సభ్యులందరికీ రాయండి. పొగ తాగేవారికి దూరంగా ఒక చోటు కేటాయిస్తే, అక్కడ చుట్టకూ సిగారుకూ ఒకటే నియమం ఉండాలి. ఉగాదికి ముందు జరిగే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం నేనే ప్రవేశపెడతాను. బలపరచడానికి మరొకరు కావాలి, దయచేసి ముందే నాకు ఫోను చేయండి.